పారసీక రాకుమారుడూ, అతని నీడా

ఛందస్సూ వ్యాకరణమూ చెప్పుకొని బతికినవాడికి వీడియో ఆటలతో ఏమి పని అని చదువరులు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. సుమారు ముప్పయ్యేళ్ళ క్రితం నేనూ అదే ప్రశ్నను ఒక పిల్లవాణ్ణి అడిగాను, ఇంతకంటె కఠినంగా.

1996 అనుకుంటాను. అప్పుడు నేను పనిచేస్తున్న ఉన్నత పాఠశాలలో నాలుగు కంప్యూటర్లు ఉండేవి. వాటికొక చలువ గది, చెప్పులు విడిచి లోపలికి పోవాలన్న నియమం, గుమ్మానికి తెర - గర్భగుడికి ఉండే మర్యాదలన్నీ ఉండేవి. ఒకనాడు ఆ పాఠం చెప్పే మాస్టారు సెలవు పెడితే పదో తరగతి పిల్లలకు కాపలాగా నన్ను పంపించారు. మూల యంత్రం దగ్గర ఒక కుర్రవాడు ఒళ్ళు మరచి కూర్చున్నాడు. తెరమీద చీకటి నేలమాళిగలో తెల్లబట్టల బొమ్మ ఒకటి పరుగెడుతోంది. నేను వెళ్ళి ఫ్లాపీ బయటికి తీయించి జేబులో వేసుకున్నాను. "మాస్టారూ, ఇంకా పన్నెండు నిమిషాలే ఉన్నాయండీ!" అన్నాడు వాడు, ఏడుపు గొంతుతో. బడి గంటకు ఇంకా అరగంట పైగా ఉంది. వాడు ఏ లెక్క చెబుతున్నాడో నాకు అంతుపట్టలేదు. పీరియడ్ అంతా నిలబెట్టాను. ఆ ఫ్లాపీ తిరిగి ఇవ్వలేదు. తరువాత బదిలీల్లో, ఇళ్ళు మారడంలో అదెక్కడ పోయిందో తెలియదు.

ఆ కుర్రవాడే గడచిన వేసవిలో మా ఇంటికి వచ్చాడు. నడివయసు వాడయ్యాడు, జుట్టు నెరిసింది. పళ్ళూ స్వీట్లూ బల్లమీద పెట్టి, నా కంప్యూటరు ముందు కూర్చొని ఏవో మీటలు నొక్కి, అదే చీకటి నేలమాళిగను తెరమీదికి తెచ్చాడు. ఇంటర్నెట్ ఆర్కైవువారు 2015 నుంచి పాత డాస్ ఆటలను బ్రౌజరులోనే ఆడుకునే వీలు కల్పించారట. "మాస్టారూ, ఇప్పుడు మీరాడండి" అన్నాడు నవ్వుతూ. దెప్పుడేమీ లేదు ఆ గొంతులో. అదే నాకు కాస్త కష్టంగా తోచింది.

అప్పటినుంచి రెండు మూడు నెలలపాటు నేను ఆడినదీ, దాని కర్త ప్రచురించిన దినచర్య పుస్తకం చదివి తెలుసుకున్నదీ ఇక్కడ రాస్తున్నాను.

ఆట పేరు ప్రిన్స్ ఆఫ్ పర్షియా. 1989లో అమెరికాలో బ్రోడర్‌బండ్ అనే సంస్థ ఆపిల్ టూ యంత్రానికి విడుదల చేసింది. మన బళ్ళకు చేరిన డాస్ పాఠం 1990 నాటిది. కర్త జోర్డన్ మెక్నర్. కథ ఒక్క వాక్యంలో చెప్పవచ్చు. సుల్తాను యుద్ధానికి దూరదేశం పోయి ఉండగా వజీరు జాఫర్ అధికారం చేజిక్కించుకొని, రాకుమార్తెను గోపురంలో బంధించి, గంటలోగా తనను పెళ్ళాడకపోతే చంపుతానని ఇసుకగడియారం తిప్పుతాడు. ఆమె వలచిన యువకుడు నేలమాళిగలోంచి తప్పించుకొని పైకి చేరాలి. ఆ గంట కథలోని గంట కాదు, మన గోడ గడియారం గంట. అరవై నిమిషాలు. ఆటగాడు చచ్చినా లెవెలు మొదటికి పోతాడు కాని పోయిన కాలం తిరిగి రాదు. నాడు మా కుర్రవాడు చెప్పిన పన్నెండు నిమిషాల లెక్క నాకు ఇన్నేళ్ళకు తెలిసింది.

జాఫర్ పేరు దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. చరిత్రలో ఈ పేరుగల వజీరు ఉన్నాడు. బాగ్దాదు ఖలీఫా హారూన్ అల్ రషీద్ కొలువులోని జాఫర్ బర్మకీ. ఖలీఫా ఆజ్ఞ చేతనే 803లో అతని తల తెగింది. అరేబియన్ నైట్స్ కథల్లో ఇతడు దుర్మార్గుడు కాడు. మారువేషంలో రాత్రిపూట నగరం తిరిగే ఖలీఫాకు తోడుగా నడిచే మంచి మంత్రి. అతణ్ణి ఖలనాయకుణ్ణి చేసింది సినిమా. 1940లో వచ్చిన థీఫ్ ఆఫ్ బాగ్దాద్ చిత్రంలో మాంత్రికుడైన దుష్ట వజీరుకు ఈ పేరు పెట్టారు. మెక్నర్ ఆ చిత్రాన్ని చూసి ప్రేరణ పొందినవాడే. ఆ చిత్రంలో దొంగ కుర్రవాడి వేషం వేసినవాడు మైసూరు ప్రాంతపు మావటివాని కొడుకు సాబూ. ఇంకొక ముచ్చట. బర్మకీలు మొదట బాల్ఖ్ నగరంలోని నవవిహారమనే బౌద్ధ విహారానికి వంశపారంపర్య అధిపతులు. బర్మక్ అన్న మాట మన 'ప్రముఖ' శబ్దానికి రూపాంతరమని పండితులు చెబుతారు. ఆటలో కత్తి పట్టుకొని చివరి గదిలో నిలబడే ఆ గడ్డపాయన ఇంటిపేరు సంస్కృతమన్నమాట! ఇది తెలిసిన రోజున నేను ఆట ఆపేసి ఇంట్లో అందరికీ చెప్పాను. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

ఇక కర్త సంగతి. మెక్నర్ యేల్ విశ్వవిద్యాలయంలో చదువుకుంటూనే 1984లో కరాటేకా అనే ఆట రాసి పేరు తెచ్చుకున్నాడు. దానిలోనూ చెరలో రాకుమార్తె, ఆమెకోసం ఒక్కడై పోయే వీరుడు. కరాటే నేర్పే గురువును చిన్న ఫిలిం కెమెరాతో చిత్రించి, ఆ చిత్రాల మీదుగా గీతలు గీసి, వాటికి కంప్యూటరులో ప్రాణం పోశాడు. ఈ పద్ధతికి రోటోస్కోపింగ్ అని పేరు. మాక్స్ ఫ్లైషర్ కార్టూను సినిమాలకోసం కనిపెట్టి 1917లో పేటెంటు పొందినది. కరాటేకాలో నాకు నచ్చినది చివరి క్షణం. శత్రువులందరినీ గెలిచి గది తలుపు తీసిన వీరుడు పోరాట భంగిమలోనే రాకుమార్తె దగ్గరికి పోతే ఆమె ఒక్క తన్ను తన్ని చంపేస్తుంది. పిడికిళ్ళు దించి మామూలు మనిషిలా వెళ్ళాలి. అంతసేపూ కొట్టడమే నేర్పి, ఆఖరున కొట్టడం మానినవాణ్ణే గెలిపించే ఈ ఎత్తు ఇరవయ్యేళ్ళ విద్యార్థికి ఎలా తట్టిందో! దీన్ని గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తుంది.

1985లో కొత్త ఆటకోసం మెక్నర్ తన తమ్ముడు డేవిడ్‌కు తెల్లబట్టలు తొడిగి ఒక కార్ల పార్కింగు స్థలంలో పరుగెత్తించాడు, గెంతించాడు, గోడ పట్టుకొని ఎక్కించాడు. వీడియో తీశాడు. ఆ కుర్రవాడికి అప్పుడు పదిహేనేళ్ళు. తరువాతి పని వింటే తాటాకు మీద గంటం పెట్టిన రాయసగాళ్ళు గుర్తుకు వస్తారు. టీవీ తెరమీద బొమ్మను ఒక్కొక్క చిత్రం దగ్గర ఆపడం, దాన్ని మామూలు కెమెరాతో ఫొటో తీయడం, ఫొటోలు కడిగించడం, వాటిమీద నల్ల సిరాతోనూ తప్పులు దిద్దే తెల్ల సిరాతోనూ మనిషి ఆకారం తేలేలా పూయడం, జిరాక్సు తీయడం, దాన్ని కంప్యూటరులోకి ఎక్కించి చుక్క చుక్కా సవరించడం. అందుకే ఆ బొమ్మకు బరువుంది. పరుగులో ఉన్నవాడు మీట వదలగానే ఆగడు, కాస్త జారి ఆగుతాడు. గెంతడానికి ముందు మోకాళ్ళు వంచుతాడు. చూరు పట్టుకొని వేలాడితే ఒళ్ళు ఊగుతుంది. అంతకుముందు ఆటల్లో బొమ్మలు బంతుల్లా ఎగిరేవి. వీడు పడితే ఎముకలు విరుగుతాయని చూసేవాడికి తెలిసిపోతుంది. కత్తియుద్ధానికి మాత్రం 1938 నాటి రాబిన్‌హుడ్ చిత్రంలో ఎరల్ ఫ్లిన్, బేసిల్ రాత్‌బోన్ పక్కవాటుగా తలపడే కొద్ది క్షణాల ముక్కను వాడుకున్నాడు. కాంతారావు కత్తి తిప్పుతుంటే నేల తరగతిలో కూర్చొని ఈలలు వేసిన తరం వాళ్ళం. ఈ పోరాటం మాకు కొత్తగా తోచదు.

అసలు మొదట ఈ ఆటలో పోరాటమే లేదంటే నమ్ముతారా? స్పీల్‌బర్గ్ తీసిన రైడర్స్ ఆఫ్ ది లాస్ట్ ఆర్క్ (1981) మొదటి పది నిమిషాల్లోని ఉరుకులూ ఉచ్చులూ మాత్రమే చాలుననుకున్నాడు కర్త. కుంగే పలకలు, నేలలోంచి పొడుచుకు వచ్చే ఇనుప శూలాలు, కోరల్లా మూసుకునే కత్తెర తలుపులు - అంతే. సహోద్యోగిని టోమీ పియర్స్ చూసి, దీనిలో ఎదిరించేవాడు లేడు, పోరు పెట్టమని పదే పదే చెప్పింది. పెట్టాలనే ఉంది, చోటేదీ? ఆపిల్ టూ 1977 నాటి యంత్రం. ఆట మొత్తానికి దొరికినది 128 కిలోబైట్లు. నేడు చేతిఫోనుతో తీసిన ఒక్క ఫొటో దానికి ఎన్నో రెట్లు. రాకుమారుడి కదలికలే ఆ చోటును దాదాపు నింపేశాయి. ఇంకొక మనిషిని నిలబెట్టాలంటే వాడి పరుగుకూ గెంతుకూ కూడా అన్ని బొమ్మలు కావాలి.

లేమి చెప్పిన ఉపాయం ఏమిటంటే, ఉన్న బొమ్మలనే మళ్ళీ వాడడం. రాకుమారుడి బొమ్మను ఒక్క బిట్టు పక్కకు జరిపి దానిమీదనే 'ఎక్స్ఆర్' అనే తార్కిక క్రియతో వేస్తే, లోపలి తెలుపు చెరిగి అంచులు మాత్రం మిణుకుమంటూ మిగిలాయి. కొత్త బొమ్మ ఒక్కటి కూడా గీయకుండానే రెండో మనిషి పుట్టాడు! వాడే నీడ మనిషి. శత్రువును గీయడానికి చోటు లేక నాయకుణ్ణే శత్రువుగా వాడుకున్నాడు కర్త. వాడిని చూశాక పోరు ఎంత అవసరమో బోధపడి, ఎలాగో చోటు పిండి కాపలా భటులనూ కత్తులనూ చేర్చాడు. అంటే ఆటలోని ఇతర శత్రువులందరూ ఆ నీడకు తమ్ముళ్ళే.

కాని నీడను పుట్టించడం యంత్రపు ఉపాయమైతే, దాన్ని కథలో నిలిపిన తీరు కవి చేసే పని. నాలుగో అంకంలో (పిల్లలు లెవెలంటారు, నాకు అంకమే బాగుంది) దారికి అడ్డంగా నిలువుటద్దం నిలుస్తుంది. పక్కదారి లేదు. పరుగెత్తుకొచ్చి అద్దంలోకి గెంతాలి. గెంతగానే అటువైపునుంచి ఇతని ప్రతిబింబం విడిపోయి పారిపోతుంది. ఇతని ప్రాణం ఒక్క ఎర్ర త్రికోణానికి పడిపోతుంది. అయిదో అంకంలో మనం తాగవలసిన ఔషధాన్ని కళ్ళముందే వాడు తాగి పోతాడు. ఆరో అంకం చివర మనం గెంతి అందుకోబోతున్న గుమ్మాన్ని పలక తొక్కి మూసేస్తాడు. పాతాళానికి పడతాం. చివరికి పన్నెండో అంకంలో కత్తి దూసి ఎదురు నిలుస్తాడు. వాడిని పొడిస్తే మన త్రికోణమే తరుగుతుంది. చంపితే మనమే చస్తాం. నేను ఏడెనిమిది మార్లు చచ్చాను. చేయవలసినది కత్తి ఒరలో పెట్టడం. పెట్టగానే వాడూ పెడతాడు. ఇద్దరూ ఎదురెదురుగా నడిచి ఒకరిలో ఒకరు కలిసిపోతారు. ఆ తరువాత శూన్యంలోకి అడుగు వేస్తే నేల దానంతట అదే పాదం కింద పరుచుకుంటుంది.

మన పురాణాల్లో సూర్యుని వేడి తాళలేక సంజ్ఞాదేవి తన నీడను ఇంట్లో నిలిపి వెళ్ళిపోతుంది; ఆ ఛాయ కాపురం చేసి పిల్లల్ని కంటుంది. విడిపోయిన నీడకు సొంత బతుకు ఉంటుందన్న ఊహ మనకు కొత్తది కాదు. కాని ఆ నీడతో యుద్ధానికి దిగి, యుద్ధం మానడంతో గెలవడం నేను ఇక్కడే చూశాను. కరాటేకాలో దించిన పిడికిలే ఇక్కడ ఒరలో చేరిన కత్తి. అయిదేళ్ళలో ఆ ఊహ ఎంత పెరిగిందో చూడండి.

ప్రతిగా కొన్ని హాస్యాలూ ఉన్నాయి. దొంగ ప్రతులను అరికట్టడానికి అక్షరాలు రాసిన ఔషధపు కూజాల గది ఒకటి పెట్టారు. ఆటతో ఇచ్చే పుస్తకంలో ఫలానా పుట, ఫలానా పంక్తి, ఫలానా మాట మొదటి అక్షరం చూసుకొని ఆ కూజాయే తాగాలి. మన దేశంలో ఆ పుస్తకం మొహం చూసినవాళ్ళెందరు! మా కుర్రవాడి దగ్గర నోటుపుస్తకం వెనుక అట్టమీద ఆ అక్షరాల పట్టిక మొత్తం ఉండేదట. ఎవడో పట్టణంలోని బంధువుల ఇంట చూసి రాసుకొచ్చాడట. శతకపద్యాలు ఒప్పచెప్పలేని వీళ్ళు అది కంఠస్థం చేశారని విన్నప్పుడు నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆట పేరు పక్కన 'మెగాహిట్' అని కొట్టి మొదలుపెడితే అంకాలు దాటవేయవచ్చునట. తెలుగు సినిమా గోడపత్రికలమీద ఆ మాట చూస్తూ పెరిగిన పిల్లలకు దాన్ని గుర్తుపెట్టుకోవడం కష్టమా?

పాఠాంతరాల విషయంలో పండితులకు కావలసినంత మేత ఉంది. 1992లో సూపర్ నింటెండో యంత్రానికి వచ్చిన పాఠంలో ఇరవై అంకాలు, రెండు గంటల గడువు. అది ప్రక్షిప్తమని నా తీర్పు. అదే ఏడు వచ్చిన మకింటోష్ పాఠంలో రాకుమారుడికి తలపాగా చుట్టారు. నాకు బోడి తలవాడే ఇష్టం. వాడు రాకుమారుడని గుర్తుచేసే చిహ్నమేదీ ఒంటిమీద లేకపోవడమే అందం.

ఇంత చేసినా ఆట మొదట అమ్ముడు కాలేదు. నాలుగేళ్ళు కష్టపడి పూర్తిచేసేసరికి ఆపిల్ టూ యంత్రానికే కాలం చెల్లింది. ఈ నాలుగేళ్ళలో మెక్నర్ సినిమా కథలు రాద్దామా, ఆట పూర్తి చేద్దామా అని ఊగిసలాడిన వైనం దినచర్యలో ఏ దాపరికమూ లేకుండా ఉంది. మధ్యలో నెలల తరబడి ఆటను పక్కన పడేశాడు. ఈ ఆటకు సంగీతం కూర్చినది అతని తండ్రి ఫ్రాన్సిస్ మెక్నర్. వృత్తిచేత మనస్తత్వ శాస్త్రవేత్త. తమ్ముడి దేహం, తండ్రి పాట, అన్న రాత. ఇంటిల్లిపాదీ కలిసి చేసిన వస్తువును కొనేవాడు లేకపోతే ఎలా ఉంటుందో ఊహించండి. 1992 నాటికి, మకింటోష్ పాఠమూ కొత్త పెట్టె అట్టా వచ్చాక గాని అది పుంజుకోలేదు. ఆ తరువాత ప్రపంచమంతా పాకింది.

పాకినందుకు ఫలితం రెండో ఆట. ద షాడో అండ్ ద ఫ్లేమ్, 1993. పేరులోనే నీడ ఉంది కదా అని ఆశపడి ఆడాను. మొదటి ఆట ముగిసిన పదకొండు రోజులకు కథ మొదలవుతుంది. జాఫర్ రాకుమారుడి రూపు ధరించి సింహాసనమెక్కగా, అసలువాడు కిటికీలోంచి దూకి ఇళ్ళ కప్పుల మీదుగా పరుగెత్తి ఓడ ఎక్కుతాడు. ఈ ఆరంభం చాలా బాగుంది, ఒప్పుకోవాలి. తరువాత గుహలు, అస్థిపంజరాలు, ఎగిరే తివాచీ, పాడుబడ్డ నగరం, పాము తలలు, గుర్రపు స్వారీ. గడువు 75 నిమిషాలు. రంగులు కళ్ళు చెదురుతాయి. మెక్నర్ కథా రూపకల్పనా చూసుకున్నాడు. ప్రోగ్రాము రాసినది సంస్థలోని బృందం. ఇప్పుడు చోటుకు కొదవ లేదు గనుక భటులు ఒక్కొక్కరు కాక గుంపుగా వస్తారు.

నాకు నచ్చనిది ఒక్కటే, కాని అదే ప్రాణం. ఇక్కడ నీడ మనకు ఎదురు నిలవదు. దేహాన్ని వదలి ఛాయగా బయటికి రాగల శక్తి రాకుమారుడికి వస్తుంది. ఆ ఛాయ మంటను ధరించి జాఫర్‌ను దహిస్తుంది. మొదటి ఆటలో కత్తి దించితే దక్కిన నీడ రెండో ఆటలో కత్తికంటె పదునైన ఆయుధమయింది. పోతన భాగవతం ముగించి ఏదో యుద్ధ సినిమాకు సంభాషణలు రాసినట్లు అనిపించింది. కొందరు యువమిత్రులు రెండోదే గొప్పదని వాదిస్తారు. ఓడ, తివాచీ చెప్పి నన్ను ఒప్పించాలని చూస్తారు. ఓడ నాకూ ఇష్టమే. చివరన ఒక ముసలి మంత్రగత్తె గాజుగోళంలో వీళ్ళను చూస్తూ ఉంటుంది. ఆమె కథ తరువాత ఎవరూ చెప్పలేదు. 1999లో వచ్చిన మూడు కొలతల ఆట గురించి చెప్పకపోవడమే మర్యాద. 2003లో యూబీసాఫ్ట్ వారి సాండ్స్ ఆఫ్ టైమ్‌తో వేరే శకం మొదలయింది. అది ఈ వ్యాసపు పరిధి కాదు.

చెప్పవలసినది ఇంకొకటి ఉంది. 2002 ప్రాంతంలో, ఆ కొత్త ఆట తయారవుతుండగా, మొదటి ఆట మూలపాఠం కోసం మెక్నర్ వెదికాడు. మూలపాఠమంటే ప్రోగ్రామరు స్వహస్తాలతో రాసుకున్న ఆదేశాల ప్రతి. దొరకలేదు. సంస్థ దగ్గరా లేదు, ఇంటిలోనూ లేదు. ప్రపంచమంతా ఆడిన ఆటకు కర్త ప్రతి లేదు! పదేళ్ళ తరువాత, 2012 మార్చిలో, న్యూయార్క్‌లో తండ్రి ఇంటి అలమర అడుగున పెట్టె ఒకటి బయటపడింది. అందులో అమ్ముడుపోని పాత ఆట ప్రతులతోపాటు మూడున్నర అంగుళాల ఫ్లాపీలు, వాటిమీద మూలపాఠమని చేతిరాత. ఇరవై ఏళ్ళ నాటి అయస్కాంతపు పూత, ఒకసారి చదవబోతే ఊడిపోవచ్చు. పాత సమాచారాన్ని కాపాడడంలో నేర్పరులైన జేసన్ స్కాట్, టోనీ డియాజ్ ఏప్రిల్‌లో పాత యంత్రాలు పట్టుకొని మెక్నర్ ఇంటికి వచ్చి ఒక్కొక్క ఫ్లాపీనీ చదివించారు. చదవడం పూర్తికాగానే అతడు దానిని గిట్‌హబ్‌లో అందరికీ తెరిచిపెట్టాడు.

1909లో మానవల్లి రామకృష్ణకవి నన్నెచోడుని కుమారసంభవం అచ్చువేసినప్పుడు మన పండితలోకంలో పుట్టిన కలకలం గురించి మా గురువులు కథలుగా చెప్పేవారు. బ్రౌను దొర గుమాస్తాలను పెట్టి తాటాకులు సేకరించి రాయించకపోతే ఎన్ని ప్రతులు చెదల పాలయ్యేవో లెక్కలేదు. తాటాకు మూడువందల ఏళ్ళు ఆగుతుంది. ఫ్లాపీ ముప్పయ్యేళ్ళు ఆగడం అదృష్టం. ఆ పెట్టెను దాచిన తండ్రి వియన్నాలో పుట్టి, నాజీల బారినుంచి చిన్నతనంలోనే తరలిపోయిన యూదు కుటుంబపు బిడ్డ. ఆ కథను మెక్నర్ రీప్లే అనే బొమ్మల పుస్తకంలో చెప్పాడు, ఆంగ్లంలో 2024లో వచ్చింది. వదలిపెట్టి రావడమంటే ఏమిటో తెలిసినవాడు కొడుకు పెట్టెను పారెయ్యలేదు. నేనేమో పరాయి పిల్లవాడి ఫ్లాపీని పోగొట్టాను.

నా ఆట సంగతి చెప్పి ముగిస్తాను. సొంతంగా ఏడో అంకం దాటలేదు. పైవన్నీ చూడడానికి మెగాహిట్ మంత్రమే దిక్కయింది. పన్నెండో అంకంలో కత్తి ఒరలో పెట్టాలన్న సంగతి కూడా నాకు నేనుగా తెలుసుకోలేదు. ఫోనులో మా వాడే చెప్పాడు. "ఎందుకోయ్ కొడుతూనే ఉంటారు మాస్టారూ, కాసేపు ఆగండి" అన్నట్టుగా కాదు, ఎంతో వినయంగా, "అక్కడ కిందిబాణం మీట ఒకసారి నొక్కి చూడండి మాస్టారూ" అని మాత్రమే అన్నాడు.

"నీ ఫ్లాపీ వెదుకుతున్నానురా" అన్నాను.

"అది నాది కాదండీ, మా మేనమామది. ఇప్పటికీ అడుగుతుంటాడు" అన్నాడు.

అటకమీద ఇంకా రెండు ట్రంకుపెట్టెలు చూడవలసి ఉన్నాయి.